ఎడమచేతి బంతి

అమృతమ్మ టీచరుకు కోపం ఎక్కువని రాజోలి చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. ఆ మాట నిజమే. బడి గ్రౌండులో గేదెల్ని కట్టేశారని సర్పంచి మొగుడితో కొట్లాడింది. ఆటల పీరియడ్‌లో లెక్కల సారు పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తుంటే, ఆయన చేతిలోని సుద్దముక్క లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేసింది. అవన్నీ చిన్న కోపాలు, సాయంత్రానికి చల్లారేవి. వనపర్తి స్టేడియంలో మార్చి నెల ఎండలో వచ్చిన కోపం మాత్రం వేరు. ఆ రోజు ఒక కుర్ర కోచ్ ఆమె ఎదురుగా నిలబడి, ఆమె తీసుకొచ్చిన పిల్లకు ముప్పై అన్నాడు.

ముప్పై అంటే వందకు ముప్పై కాదు. బేస్‌బాల్‌లో ఆటగాళ్ళను అంచనా కట్టడానికి ఇరవై నుంచి ఎనభై దాకా ఒక కొలత ఉంది. ఇరవై అంటే అట్టడుగు, ఎనభై అంటే అంతకు మించినవాడు లేడని. అమెరికాలో చిన్న జట్లలో ఆడే కుర్రాళ్ళను చూడ్డానికి కొందరు ఊరూరా తిరుగుతారట. తిరిగి, వీడు ఇవాళ ఎంత, నాలుగేళ్ళు పోయాక ఎంత అని రెండు అంకెలు వేస్తారట. ఇవాళ్టి విలువ, రేపటి విలువ. ఆ కొలత ఎక్కడెక్కడో తిరిగి హైదరాబాదుకొచ్చింది, హైదరాబాదు నుంచి వనపర్తికొచ్చింది, వచ్చి పదమూడేళ్ళ నవ్య నెత్తి మీద కూర్చుంది. ఇవాళ ఇరవై అయిదు, రేపు ముప్పై.

"అంటే ఏంది?" అని అడిగింది అమృతమ్మ.

"ఎంత నేర్పినా రాదని మేడం," అన్నాడు కోచ్ శ్రవణ్ కుమార్, మర్యాదగానే.

ఎంత నేర్పినా రాదట. పదమూడేళ్ళ పిల్లకు! ఆ మాట విన్నాక అమృతమ్మ ఊరుకుంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు ఆమె సంగతి తెలియదన్నమాట.

ఆమె పుట్టింది కల్వకుర్తికీ నాగర్‌కర్నూలుకూ మధ్య ఒక మెట్ట పల్లెలో. తండ్రి ప్రభుదాసు ఆదివారం ప్రార్థనలో డప్పు వాయించేవాడు, మిగతా వారమంతా మట్టి పని చేసేవాడు. వానలు ముఖం చాటేసిన ఏడు ఊళ్ళో సగం మంది ముల్లె కట్టుకుని కాలువ పనులకూ డ్యాముల పనులకూ పోయేవాళ్ళు. పోయే ముందు గుంపు మేస్త్రీ వచ్చి, వీధిలో నులక మంచం వేయించుకుని కూర్చునేవాడు. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, జబ్బ పట్టి చూసి, నిండు మనిషి, ముప్పావు మనిషి, సగం మనిషి అని తేల్చేవాడు. కూలి దాన్ని బట్టే ఇచ్చేవాళ్ళు.

అమృతమ్మ వంతు వచ్చినప్పుడు ఆమెకు పదకొండేళ్ళు. మేస్త్రీ ఆమె ముంజేతిని రెండు వేళ్ళతో నొక్కి, ఇది సగం మనిషి కూడా కాదు, దీనితో తట్ట మోయించలేమని చెప్పాడు. ప్రభుదాసు నవ్వి, తినేటప్పుడు మాత్రం నిండు మనిషేనన్నాడు. మంచం చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మిగిలినవాళ్ళకైనా పని దొరకాలని, మేస్త్రీని మంచి చేసుకోవడానికే తండ్రి అట్లా నవ్వాడని ఆమెకు పెద్దయ్యాక అర్థమైంది. అర్థమైనా ఆ నవ్వును ఆమె క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు.

పనికిరాని మనిషి కాబట్టి ఆమెను గద్వాలలో మిషను వాళ్ళ హాస్టల్లో పడేసి గుంపు వెళ్ళిపోయింది. అదే ఆమెకు కలిసొచ్చింది. అక్కడి ఆటల టీచరు ఆడపిల్లలతో సాఫ్ట్‌బాల్ ఆడించేది. బ్యాటు పట్టుకున్న పిల్ల వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే పని ఎవరికీ ఇష్టం లేకపోతే, ఈ బక్కపిల్లను అక్కడ కూర్చోబెట్టింది. దాన్నే క్యాచర్ అంటారు. అమృతమ్మ అట్లా ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని, రాష్ట్రం తరఫున ఆడి, రెండు మోకాళ్ళూ అరగదీసుకుని, ఆ ఆట పుణ్యాన వ్యాయామ టీచరు ఉద్యోగం సంపాదించింది. మేస్త్రీకి ఒక్కసారి ఎదురుపడి, ఇప్పుడు నొక్కి చూడు అని చెయ్యి చాపాలని ఆమె కోరిక. ఆయన అప్పటికే కాలం చేశాడు. అప్పుడే ఎందుకు పోయాడని దానికీ ఆమెకు కోపమే.

విచిత్రం చూడండి. మనిషిని చూసి రేటు కట్టడమంటే ఒళ్ళు మండే మనిషికి బతుకుదెరువు కూడా అదే అయింది. బడి నిండా పిల్లలుంటారు, ఉన్న గ్లవ్‌లు పది. ఎవరి చేతికి తొడగాలో ఆమే చూడాలి. అందుకని ఆమె తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ పిల్లకూ పరీక్ష అని చెప్పి పరీక్ష పెట్టదు. ఇంటర్వెల్లో పిల్లలు చింతకాయలు కొడుతుంటే వరండాలో నిలబడి చూస్తుంది. కొట్టిన రాయిని చూడదు, తప్పిన రాయిని చూస్తుంది. తప్పగానే కొందరు పక్కవాళ్ళను చూసి నవ్వేస్తారు, కొందరు రాయి బాగాలేదంటారు. నోరు మూసుకుని ఇంకో రాయి ఏరుకునే పిల్ల కనబడితే, ఆ సాయంత్రం గ్రౌండుకు రమ్మంటుంది. నువ్వు రేపు ఇంత దానివవుతావని మాత్రం చచ్చినా అనదు.

ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదని కాదు. జిల్లాలోనే ఇలాంటి చెయ్యి లేదని ఆమె మురిసిపోయిన కుర్రాడు ఇప్పుడు వరికోత మిషను నడుపుకుంటూ, ఆట ఊసే లేకుండా హాయిగా ఉన్నాడు. నీళ్ళు తెచ్చి పెట్టడానికి తప్ప పనికిరాదనుకున్న పిల్ల రైల్వే జట్టులో ఆడుతోంది. ఆ పిల్ల ఊరికొచ్చి కాళ్ళకు దండం పెడితే, నాకెందుకు పెడతావు, నేను నీతో నీళ్ళు మోయించాను గదా అని అమృతమ్మ సిగ్గుపడింది. అందుకే అంకె అంటే ఆమెకు భయం. ఎవరో వేస్తే కోపం, తనే వెయ్యాలంటే భయం.

నవ్య మాత్రం చింతచెట్టు కింద దొరకలేదు. తుంగభద్ర వైపు పోయే దారిలో, జొన్నచేనులో మంచె మీద నిలబడి చిలకల్ని తోలుతూ కనబడింది. స్కూటీ మీద పోతున్న అమృతమ్మకు ముందు చప్పుడు వినిపించింది. చేను అవతలి గట్టున కర్రకు వేలాడదీసిన రేకు డబ్బా ఠంగుమంది. బండి ఆపి చూస్తుండగానే మళ్ళీ మోగింది. మంచెకూ డబ్బాకూ మధ్య ఒక మడి కాదు, చేను చేనంతా ఉంది. ఆ పిల్ల విసురుతున్నది ఎడమ చేత్తో.

బేస్‌బాల్‌లో బ్యాటు మీదికి బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. పిచర్ ఎడమచేతి వాటమైతే ఆ జట్టు అదృష్టమే వేరు. బ్యాటు పట్టినవాళ్ళంతా కుడివైపు నుంచి వచ్చే బంతికే అలవాటు పడి ఉంటారు, ఇటు నుంచి వచ్చేసరికి తికమక పడతారు. అమృతమ్మ బండికి స్టాండు వేసి గట్టెక్కింది. టీచరును చూడగానే ఆ పిల్ల చేతిలోని రాయి వదిలేసి, ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకుంది. బడి ఎగ్గొట్టినందుకు భయపడుతోందనుకుంది అమృతమ్మ.

తర్వాత ఏడాది పాటు గ్రౌండులో నవ్య బంతి విసిరింది, తోటిపిల్ల మానస పట్టింది. ఎడమచేతి వాళ్ళు గ్లవ్ కుడి చేతికి తొడుక్కోవాలి. అలాంటిది జిల్లాలో ఎక్కడా లేకపోతే, అమృతమ్మ హైదరాబాదులోని పాత స్నేహితురాలిని పీడించి తెప్పించింది. ఎండాకాలం పోయి వానాకాలం వచ్చేసరికి మానస చెయ్యి వాచిపోతోందని ఆ పిల్ల గ్లవ్ లోపల గుడ్డపేలికలు కుక్కాల్సి వచ్చింది. నవ్య మాట్లాడేది తక్కువ. ఎడమ మణికట్టు మీద గోరంత పొడుగు మచ్చ ఉంటే, రొట్టె కాలుస్తుంటే కాలిందని చెప్పింది. టీచరుకు బంతి ఇవ్వాల్సి వస్తే విసిరేది కాదు, పరుగున వచ్చి కుడిచేత్తో చేతిలో పెట్టి పోయేది. ఎంత మర్యాద గల పిల్లని అమృతమ్మ పదిమందికీ చెప్పుకుంది.

అప్పుడే రాష్ట్ర క్రీడా పాఠశాలకు పిల్లల్ని ఎంపిక చేస్తారని కబురొచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు జిల్లాలకూ కలిపి వనపర్తిలో ఒకటే ఎంపిక. నెగ్గితే చదువు, తిండి, ఆట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. నెగ్గకపోతే ఏమవుతుందో నవ్య తల్లి వెంకటమ్మ ముందే చెప్పేసింది. భర్త కురుమూర్తి సెంట్రింగు పనికి పట్నం పోయాడు. ఆమె కౌలుకు తీసుకున్న చేలో ఈ ఏడు సీడు పత్తి వేస్తోంది. విత్తనాల కోసం వేసే ఆ పత్తికి పువ్వు పువ్వునూ చేత్తో విప్పి, వేరే మొక్క పుప్పొడి అద్ది క్రాసింగ్ చెయ్యాలి, దానికి సన్నటి వేళ్ళు కావాలి. విత్తనాల ఆర్గనైజరు అప్పటికే ఇంటికొచ్చి నవ్య వేళ్ళు పట్టుకు చూసి, బాగున్నాయి, పనికొస్తాయి అని పోయాడు. అది విని అమృతమ్మకు నులక మంచం మీది మేస్త్రీ కళ్ళముందు కదిలాడు. వనపర్తిలో సీటొస్తే సరే, రాకుంటే బడి మాన్పించి చేలోకి తీసుకుపోతానంది వెంకటమ్మ. అయితే నువ్వూ వచ్చి కళ్ళారా చూడమని అమృతమ్మ పట్టుబట్టింది.

ముగ్గురూ పొద్దున్నే బస్సెక్కారు. బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ వంతెన మీదికి రాగానే జనం కిటికీల్లోంచి ఆంజనేయస్వామి గుడి వైపు దండం పెట్టుకుని ఏట్లో రూపాయి బిళ్ళలు వేశారు. నవ్య కూడా కిటికీలోంచి చెయ్యి చాపబోయింది. వెంకటమ్మ ఆ చేతి మీద చిన్నగా తట్టింది. పిల్ల బిళ్ళను కుడిచేతిలోకి మార్చుకుని, ఒళ్ళంతా కిటికీ వైపు తిప్పి, నానా తంటాలు పడి వేసింది. ప్రార్థన ముగించుకుని కళ్ళు తెరిచిన అమృతమ్మ అది చూసింది. చూసి, దేవుడి పద్ధతులు వాళ్ళవి వాళ్ళకుంటాయి గదా అనుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

స్టేడియంలో టీచర్లనూ తల్లిదండ్రులనూ కంచె ఇవతలే ఆపేశారు. కంచె పక్కన నీడ లేదు, మంచినీళ్ళ కుళాయి దగ్గర మాత్రం కాస్త తడి ఉంది. లోపల శ్రవణ్ కుమార్ అన్నీ తనే చేసుకుంటున్నాడు. బంతి వేగం చూపించే మిషను స్టాండు మీద పెట్టాడు, తనే పెద్ద గ్లవ్ తొడుక్కుని క్యాచర్‌లా గొంతుక్కూర్చున్నాడు. పిల్లలెట్లా వేస్తారో తన చేతికి తెలియాలని అతని పట్టుదల. చిత్తశుద్ధి గల మనిషే, కాదనలేం. కానీ ఆ చిత్తశుద్ధే పిల్లను ముంచింది.

నవ్య పేరు పిలిచారు. పిల్ల నడిచి పోయి, గీత దగ్గర నిలబడి, ఎదురుగా కూర్చున్న సారును చూసింది. గ్లవ్ తొడుక్కోలేదు. సంచిలోనే వదిలేసింది. బంతి తీసి కుడిచేత్తో వేసింది. అది సారుకు మూరెడు దూరంలో నేల తగిలి దొర్లింది.

కంచె దగ్గర అమృతమ్మ, పిల్ల చెయ్యి మారుస్తుందేమోనని ముందుకు వంగి చూసింది. రెండోదీ కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి అని అరిచింది. బయటివాళ్ళు మాట్లాడొద్దని గార్డు విజిల్ ఊదాడు. అన్ని బంతులూ అట్లాగే పోయాయి, ఒకటి అడ్డంగా, ఒకటి పైకి. చివరి బంతి సారు దగ్గరికే చేరలేదు. పిల్ల తల వంచుకుని తిరిగొచ్చింది. కాసేపటికి శ్రవణ్ బయటికొచ్చి, ఆ ఇరవై అయిదూ ముప్పై సంగతి చెప్పాడు.

అమృతమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపటిది నువ్వెట్ల చెప్తవయ్యా? రేపు వానొస్తదో రాదో చెప్పలేం, ఈ పిల్ల ఎంత ఎదుగుతదో నీకు ఎరుకనా?"

అతను ఓపికగానే వివరించాడు. ఉన్న సీట్లు చాలా తక్కువ, వచ్చిన పిల్లలు చాలా ఎక్కువ, ఎవరో ఒకరు ఏదో ఒక కొలత పెట్టుకోక తప్పదన్నాడు. ఆ పిల్ల ఎడమచేతి వాటమని చెబితే, తనకు కనబడింది కుడి చెయ్యేనన్నాడు. ఒకసారి వేసిన అంకె మారిస్తే మిగతా టీచర్లంతా మా పిల్లనూ మళ్ళీ చూడమని వస్తారన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "నాకు పద్దెనిమిదేండ్లప్పుడు ముప్పై ఐదు ఇచ్చిండ్రు మేడం. గందుకే ఆట ఇడిచిపెట్టి కోచింగ్‌లకొచ్చిన. అంకె అబద్ధం చెప్పదు," అన్నాడు.

ఆ మాటకు జాలి పడాల్సింది. అమృతమ్మ పడలేదు. నిన్ను తొక్కిన రాయితోనే నువ్వు పిల్లల్ని తొక్కుతున్నావా అంది. ఆ అంకె వేసినవాడికి నీ గురించి ఏం తెలుసని నమ్మావు, ఒక్కసారైనా ఎదురు తిరగాలనిపించలేదా అంది. అతని ముఖం మాడిపోయింది. ఆమెకు అప్పటికీ కసి తీరక, అక్కణ్ణుంచి విసవిసా కుళాయి దగ్గరికొచ్చింది. నవ్య అక్కడ ముఖం కడుక్కుంటోంది. పక్కన వెంకటమ్మ సద్ది గిన్నె మూట విప్పుతోంది. అయిపోయింది గదా, తిని బస్సెక్కుదామన్నట్టు ఉంది ఆమె వాలకం.

కుడిచేత్తో ఎందుకు వేశావని అమృతమ్మ అడిగింది. పిల్ల మళ్ళీ ముఖం మీద నీళ్ళు చల్లుకుంది. రెండు భుజాలూ పట్టుకుని మళ్ళీ అడిగింది.

"సారు పెద్దమనిషి గద టీచర్," అంది నవ్య, నేల చూపులు చూస్తూ. "పెద్దోళ్ళకు ఎడమ చేత్తోని ఎట్ల ఇస్త?"

అమృతమ్మ చేతులు జారిపోయాయి. మానస తోటిపిల్ల కాబట్టి ఏడాది పాటు ఎడమ చేత్తో వేసింది. ఇక్కడ ఎదురుగా కూర్చున్నది సారు. బడిలో బంతిని పరుగున తెచ్చి కుడిచేత్తో తన చేతిలో పెట్టింది కూడా అందుకే. మర్యాద, మర్యాద అని తను ఊరంతా మెచ్చుకుంది. ఆ మర్యాదే పిల్ల కొంప తీసింది. నిన్ను ఇంతలా భయపెట్టింది ఎవరని అడిగింది. నవ్య ఎడమ మణికట్టును కుడిచేత్తో కప్పుకుంది. కప్పుకుని తల్లి వైపు చూసింది. రొట్టె కాలుస్తుంటే పడ్డ మచ్చ కాదది.

ఇక అమృతమ్మ నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. కన్నతల్లివేనా నువ్వు, పసిపిల్లకు వాత పెట్టడానికి చేతులెట్లా వచ్చాయి, దేవుడిచ్చిన చెయ్యి అది, బంగారం లాంటి చెయ్యి, దాన్ని కాల్చి పిల్లను అవిటిదాన్ని చేశావు అని దులిపేసింది. కంచె దగ్గరున్నవాళ్ళంతా తిరిగి చూశారు. శ్రవణ్ కూడా మిషను సర్దుతున్నవాడు ఆగిపోయాడు.

వెంకటమ్మ సద్ది మూట మళ్ళీ ముడేసింది. లేచి నిలబడింది. ఆమె కూడా కోపిష్టి మనిషేనని ఆ రోజే బయటపడింది.

"మా ఆడబిడ్డ పెండ్లిల ఇది ఎడమ చేత్తోని నీళ్ళిచ్చిందని ఒకాయన ఇస్తరి తోసేసి లేచిపోయిండు టీచరమ్మా. పంక్తి పంక్తంత లేచింది. దీన్ని ఎవరింట్ల గూడ నీళ్ళు ముట్టనియ్యరని అందరు నా ముంగటనే అన్నరు. నాలుగేండ్ల పిల్ల అది. గా రాత్రి అట్లకాడ కాల్చిన. నా చెయ్యి వణకలేదనుకుంటున్నవా?" ఆమె ఒక్కో వేలూ మడుస్తూ లెక్కపెట్టింది. "ఆర్గనైజరొచ్చి వేళ్ళు చూసిండు. నువ్వొచ్చి చెయ్యి చూసినవ్. గా సారు నంబరేసిండు. అందరు చూసేటోళ్ళే. మీరేం రేటు కడతరోనని నేను భయపడ్డ, గంతే."

వెంకటమ్మ చెప్పిన వరసలో అమృతమ్మ కూడా ఉంది, ఆర్గనైజరుకూ కోచ్‌కూ మధ్యలో. నేను వాళ్ళలాంటి దాన్ని కాదని అనబోయింది. ఏ మొహం పెట్టుకుని అంటుంది? తప్పుపట్టడానికి చోటు దొరక్క, మండిపోతూ నిలబడింది.

వెంకటమ్మ ఆమె జవాబు కోసం ఆగలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి కాసె బిగించింది, కొంగు నడుముకు చెక్కింది. కంచె గేటు తోసుకుని లోపలికి నడిచింది. గార్డు అడ్డం రాబోతే, కలుపు మొక్కను పక్కకు నెట్టినట్టు నెట్టి పోయింది. శ్రవణ్ పక్కన కింద పడేసి ఉన్న పెద్ద గ్లవ్ తీసుకుని, ఇది ఏ చేతికి తొడుక్కోవాలని అడిగింది. అతను నోరు తెరిచి చూశాడు. తర్వాత అతనే దాన్ని ఆమె ఎడమ చేతికి తొడిగాడు. ముఖానికి జాలీ టోపీ పెట్టాడు, ఎదకు దెబ్బ తగలకుండా మెత్త కట్టాడు. ఎందుకు చేశాడో అతన్నే అడగాలి. బహుశా అమృతమ్మ అన్న మాటలు ఇంకా చెవిలో గింగురుమంటున్నాయేమో. మిషను మాత్రం మళ్ళీ ఆన్ చేశాడు.

వెంకటమ్మ గొంతుక్కూర్చుంది. దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ కలుపు తీసిన మనిషి, పొద్దుగూకేదాకా అట్లాగే ఉండమన్నా ఉంటుంది. ఆమె వెనకే లోపలికొచ్చిన అమృతమ్మ ఈలోపు సంచిలోంచి నవ్య గ్లవ్ తీసి పిల్ల కుడి చేతికి తొడిగి గీత దగ్గరికి తోసింది. నవ్య బంతి పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడింది. బంతిని కుడిచేతిలోకి మార్చుకోవాలంటే గ్లవ్ అడ్డం.

"అమ్మా, వద్దే," అంది.

"ఇయ్యి బిడ్డా," అంది వెంకటమ్మ జాలీ వెనక నుంచి. "ఎడమ చేత్తోనే ఇయ్యి. నేను తీస్కుంట."

నవ్య కదల్లేదు. ఎడమ చెయ్యి సగం లేచి ఆగిపోయింది. జొన్నచేనులో చిలకల మీదికి రాళ్ళు విసిరినప్పుడు ఆ చేతికి ఏ అడ్డూ లేదు. ఇక్కడ ఎదురుగా కన్నతల్లి, అదీ వాత పెట్టిన తల్లి. అమృతమ్మకు అరవాలనిపించింది. పళ్ళు బిగపట్టి ఊరుకుంది. వెంకటమ్మ గ్లవ్ ఉన్న చెయ్యి దించలేదు. ఎండలో అట్లాగే చాపి ఉంచింది.

పిల్ల కుడికాలు లేచింది. చెయ్యి వెనక్కి పోయి వచ్చింది. బంతి కనబడలేదు. తుపాకి పేలినట్టు చప్పుడైంది, వెంకటమ్మ వెనక్కి కూలబడింది.

నవ్య కెవ్వుమంది. అమృతమ్మ కుంటుకుంటూ పరుగెత్తింది. వెంకటమ్మ మట్టిలో కూర్చుని గ్లవ్‌లోకి చూస్తోంది. బంతి అందులోనే ఉంది. గ్లవ్ ఊడబెరికి చూస్తే అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. చుట్టుపక్కల టీచర్లంతా కంచె మీదికి ఒరిగారు. శ్రవణ్ మిషను వైపు చూశాడు, మళ్ళీ దగ్గరికి పోయి చూశాడు, తిరిగొచ్చాడు.

"మేడం, ఈ పిల్లను జూన్‌ల పంపండి. సీటు ఇస్త, ఎవరడిగినా నేను జవాబు చెప్పుకుంట. ఈమె రేపటి విలువ..." అని మొదలుపెట్టాడు.

"అది చెప్పకు," అంది అమృతమ్మ. "ఎంతైనా సరే, ఆ పిల్ల ముంగట చెప్పకు."

సీటొచ్చింది, సంతోషించాలి గదా. ఆమెకు కోపం ఇంకా పెరిగింది. వెంకటమ్మ ఈ రోజు బస్సెక్కకపోయి ఉంటే? సద్ది తిని తిరుగుదారి పట్టి ఉంటే? ఈ పిల్ల పువ్వులు విప్పుకుంటూ, తను ముప్పై అని నమ్ముకుంటూ బతికేది. ఆ ముప్పై రాసినవాడు హాయిగా ఇంకో ఊరికి పోయేవాడు. ఇట్లా కుడిచేత్తో వేసి తిరిగిపోయిన పిల్లలు ఇంకెంతమంది ఉన్నారో, వాళ్ళను ఎవరు వెనక్కి పిలుస్తారు? ఎవర్ని తిట్టాలో తెలియక ఆమె అందర్నీ తిట్టింది. కోచ్‌ను, పెళ్ళి పంక్తిలోంచి లేచిపోయిన మనిషిని, ఎప్పుడో చచ్చిపోయిన మేస్త్రీని, మర్యాదకు మురిసిపోయిన తన తెలివితక్కువతనాన్ని.

వెంకటమ్మ ఇవేవీ వినడం లేదు. కందిన అరచేతిని చీర చెంగుకు తుడుచుకుంది. మండుతోందా అని కూతురు దగ్గరికొచ్చి ఏడుపు గొంతుతో అడిగితే, మండుతోందని చెప్పింది. పిల్ల ఎడమ చెయ్యి పట్టుకుని, మణికట్టు మీది మచ్చను బొటనవేలితో ఒకసారి రాసింది. బంతిని ఆ చేతిలోనే పెట్టింది.

తర్వాత గ్లవ్ మళ్ళీ తొడుక్కుని, దుమ్ములో గొంతుక్కూర్చుని చెయ్యి చాపింది.

"ఇంకోటి ఇయ్యి," అంది.